తల్లి ఉన్న పాపను మా పాపగా తెచ్చుకోవచ్చా?

గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్నం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పెద్ద ఉత్తరం కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాం. పేర్లు, ఊళ్లు తీసేశాం.

ఆమెకు 41 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్తకు 44. ఒక్కడే బాబు, 13 ఏళ్లవాడు. వాడి తర్వాత రెండుసార్లు గర్భం నిలవలేదు. వాళ్ల సంఘం నుంచి నలుగురైదుగురు ఆడవాళ్లు రెండేళ్లుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం దగ్గర్లోని బాలికల హోముకు వెళ్లి పాటలు నేర్పి, కథలు చెప్పి వస్తుంటారు. అక్కడ ఎనిమిదేళ్ల పాప ఒకతె ఈమెకు బాగా చేరికైంది. జడలు ఈమే వేయాలని దువ్వెన పట్టుకుని కూర్చుంటుంది. పాప తండ్రి చనిపోయాడు. తల్లికి టీబీ వస్తే రెండేళ్ల కిందట పిల్లలిద్దరినీ హోముల్లో చేర్చారు. ఆరేళ్ల తమ్ముడు వేరే ఊళ్లో మగపిల్లల హోములో ఉన్నాడు. తల్లికి మందుల కోర్సు పూర్తయింది, మిరపకాయ కోతలకు వెళ్తోంది, ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చి చూసిపోతుంది.

మొన్న క్రిస్మస్‌కు హోము వాళ్లను అడిగి పాపను మూడు రోజులు ఇంటికి తీసుకొచ్చారు. తిరిగి దింపేటప్పుడు గేటు పట్టుకుని ఏడ్చిందట. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఒకటే ప్రశ్న: "ఆంటీ, నన్నెప్పుడు తీసుకెళ్తారు?" ఈమె మూడు నెలలు ఉపవాసముండి ప్రార్థించారు. యాకోబు పత్రిక 1:27 తనకు జవాబుగా వచ్చిందని నమ్ముతున్నారు. పాస్టరుగారు కూడా "ఇది దేవుని చిత్తమే. తల్లితో వంద రూపాయల స్టాంపు పేపరు మీద దత్తపత్రం రాయించి నోటరీ చేయిద్దాం, ఆమెకూ ఎంతో కొంత సాయం చేద్దాం" అన్నారు. భర్త మాత్రం, తెచ్చుకుంటే చట్టప్రకారం చిన్న బిడ్డనే తెచ్చుకుందాం, ఎనిమిదేళ్ల పిల్ల మనకు అలవాటు పడదు అంటున్నారు. అత్తగారిది "ఎవరి రక్తమో ఏమో" అనే బెంగ. బాబు "మీ ఇష్టం" అని ఊరుకున్నాడు.

ఆమె అడిగినవి: ఆ కాగితం చెల్లుతుందా? ఫోస్టర్ కేర్ కింద తెచ్చుకుని తర్వాత దత్తత చేసుకోవచ్చా? పాపకు గ్రేస్ అని పేరు పెట్టి బాప్తిస్మం ఎప్పుడు ఇప్పించాలి? ఇంత జవాబు దొరికాక కూడా భయపడుతున్నానంటే అది అవిశ్వాసమా?

*

అమ్మా, ముందు స్టాంపు పేపరు సంగతి. ఈ జవాబు మీరు చదివేలోపు ఆ కాగితం మీద ఎవరూ సంతకం పెట్టకుండా ఉంటే చాలు, మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు.

అది చెల్లదు. తల్లిదండ్రులు బిడ్డను చేతుల్లో పెట్టి దత్తత ఇచ్చే పద్ధతి 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద హిందువులకు ఉంది. క్రైస్తవులకు అది వర్తించదు. చాలాకాలం పాటు మనవాళ్లు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగేవారు. పిల్లకు మైనారిటీ తీరగానే ఆ సంబంధం చట్టం దృష్టిలో ముగిసిపోయేది. 2000లో వచ్చిన జువెనైల్ జస్టిస్ చట్టం, దానికి 2006లో చేసిన సవరణ అన్ని మతాల వాళ్లకూ దత్తత దారి తెరిచాయి. మతంతో నిమిత్తం లేకుండా ఎవరైనా ఆ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇప్పుడు నడుస్తున్నది 2015 చట్టం. దాని కింద దత్తత ఉత్తర్వు వస్తే బిడ్డ మీకు పుట్టిన బిడ్డతో సమానం. ఆస్తి హక్కుతో సహా ఏ విషయంలోనూ తేడా ఉండదు.

ఆ చట్టం చెప్పిన దారి తప్పి బిడ్డను దత్తత ఇచ్చినా, తీసుకున్నా మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇక "ఎంతో కొంత సాయం" అన్న మాట మరీ ప్రమాదం. బిడ్డ చేతులు మారిన సందర్భంలో డబ్బు కూడా చేతులు మారితే అది అమ్మకం కేసవుతుంది. దానికి అయిదేళ్ల దాకా కఠిన శిక్ష ఉంది. మీతోపాటు ఆ తల్లీ ముద్దాయి అవుతుంది. పాస్టరుగారు మంచి మనసుతోనే అని ఉంటారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ పాప ఇప్పుడు, ఆసరా అవసరమైన పిల్లలు ఎక్కడ ఉండాలో నిర్ణయించే చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ఉత్తర్వు మీద హోములో ఉంది. మన జిల్లాల్లో అందరూ సీడబ్ల్యూసీ అనేది దాన్నే. ఆ ఉత్తర్వు మారకుండా తల్లి రాసిచ్చినా, హోము సూపరింటెండెంటు ఒప్పుకున్నా మీరు పాపను తీసుకెళ్లలేరు. అందుకే, క్రిస్మస్‌కు తీసుకొచ్చినప్పుడు సీడబ్ల్యూసీ అనుమతి తీసుకున్నారో లేదో ఒకసారి కనుక్కోండి. తీసుకోకపోయి ఉంటే ఈసారి మళ్లీ అలా చేయకండి.

ఇక మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగిపోయిన చోటు వేరే ఉంది. పాప జడల గురించి పది వాక్యాలు రాశారు. తల్లి గురించి ఒక్క వాక్యం: మందుల కోర్సు పూర్తయింది, కోతలకు వెళ్తోంది. అమ్మా, మొత్తం విషయం ఆ వాక్యంలోనే ఉంది. పిల్లలు హోములో చేరింది తల్లి జబ్బు వల్ల. ఆ జబ్బు ఇప్పుడు తగ్గింది. మిగిలింది పేదరికం. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను తల్లి నుంచి వేరుగా ఉంచకూడదు, హోము అనేది చిట్టచివరి మార్గం కావాలి అన్నది ఈ చట్టానికి పునాది.

మీకు జవాబుగా వచ్చిన వాక్యాన్నే మళ్లీ తీసి చదవండి. అక్కడ దిక్కులేని పిల్లలు ఒక్కరే లేరు, పక్కనే విధవరాండ్రు కూడా ఉన్నారు. ఇద్దరినీ కలిపి, వాళ్ల ఇబ్బందిలో పరామర్శించమని ఉంది. ఈ పాపకు తల్లి ఉంది. ఆ తల్లి విధవరాలు. మీరు నమ్ముతున్న వాక్యం నిజంగా మీ కోసమే వచ్చి ఉంటే, అది ఒక్క పాప దగ్గరికే కాదు, మిరపచేలో ఉన్న ఆ మనిషి దగ్గరికీ మిమ్మల్ని పంపుతోంది.

ఆమెకు ఏం చేయవచ్చో వివరంగా చెబుతాను, ఎందుకంటే మన సంఘాల్లో ఇది తెలిసినవాళ్లు తక్కువ. 2015 చట్టంలోనే స్పాన్సర్‌షిప్ అని ఒక ఏర్పాటు ఉంది. పిల్లలు సొంత ఇంట్లోనే ఉండేందుకు ప్రభుత్వం ఇచ్చే సాయం అది. ఎవరికి ఇవ్వవచ్చో చెబుతూ చట్టం మొట్టమొదట పేర్కొన్నది విధవరాలైన తల్లినే. పిల్లల రక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద పిల్లకు నెలకు 4,000 రూపాయలు. పల్లెల్లో ఆ కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు, పట్నాల్లో 96,000 దాటకూడదు. ఇద్దరు పిల్లలకూ మంజూరైతే 8,000. దీనికి తోడు ఆంధ్రప్రదేశ్‌లో వితంతు పింఛను నెలకు 4,000 ఉంది. ఆమెకు వస్తోందో లేదో ముందు కనుక్కోండి. భర్త మరణ ధ్రువపత్రం లేకనో, ఆధార్‌లో ఊరు మారకనో ఆగిపోయిన పింఛన్లు ఎన్నో ఉంటాయి. అలాంటి కాగితం పని చేసిపెట్టడానికి చదువుకున్న మనిషి ఒకరు తోడుంటే చాలు.

స్పాన్సర్‌షిప్ దరఖాస్తు జిల్లా బాలల రక్షణ విభాగంలో ఇవ్వాలి. డీసీపీయూ అంటే అదే, మహిళా శిశు సంక్షేమ శాఖ కింద పనిచేస్తుంది. కావలసినవి తల్లి, పిల్లల ఆధార్, తండ్రి మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్లు, బ్యాంకు పాసుబుక్కు. మంజూరు వెంటనే రాదు. నెలలు పట్టవచ్చు, వచ్చాక డబ్బు విడుదల ఆలస్యం కావచ్చు. సరిగ్గా అక్కడ సంఘం నిలబడాలి. ఆ కొన్ని నెలలు బియ్యం, అద్దె, పిల్లల బడి ఖర్చు చూసుకుంటే ఆ కుటుంబం నిలదొక్కుకుంటుంది. ఇక్కడ ఒక్క జాగ్రత్త. ఈ సాయం పిల్లలు తల్లి దగ్గర ఉండడానికి ఇచ్చేది. దానికీ పాపను మీకివ్వడానికీ ఏ లంకే ఉండకూడదు. డీసీపీయూకు తెలిసేలా, సంఘం పేరు మీద, రసీదుతో ఇవ్వండి.

ఈ దారికి కష్టాలు లేవనను. కోతల కాలంలో ఆమె తెల్లవారకముందే ఆటో ఎక్కితే పిల్లల్ని బడికి పంపేదెవరు? మళ్లీ జబ్బు చేస్తే? చుట్టాల్లో ఎవరైనా ఉన్నారా? అసలు ఆమెకు పిల్లల్ని తెచ్చుకునే ధైర్యం ఉందా? ఇవి మీరు వెళ్లి అడగవద్దు. పెద్దింటి టీచరమ్మ వచ్చి "నీ పాపను పెంచగలవా?" అని అడిగితే, కూలికి వెళ్లే మనిషి మీ మనసులో ఉన్న జవాబే చెబుతుంది. డీసీపీయూ సోషల్ వర్కరు విడిగా మాట్లాడాలి. హోములో ప్రతి పిల్లకూ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక రాసి ఉండాలి. అందులో తల్లి దగ్గరికి పంపే ప్రయత్నం గురించి ఏం రాశారో చూడమని అడగండి. మీ సొంత కోరికకు ఈ దారి దెబ్బే. పాప తల్లి దగ్గరికి వెళ్తే మీరు ఆదివారం ఆంటీగానే మిగులుతారు. ఆ బాధను చిన్నచేసి మాట్లాడలేను.

తల్లి ప్రస్తుతానికి తెచ్చుకోలేను అందనుకుందాం. అప్పుడు ఫోస్టర్ కేర్ మాట వస్తుంది. దీన్ని పెంపకం అని తెలుగు చేయవచ్చు. కానీ మనలో పెంపుడు కూతురు అనగానే దత్తత కూతురనే అర్థం వచ్చేస్తుంది. చాలామంది ఇళ్లల్లో గొడవ మొదలయ్యేది ఈ ఒక్క మాట దగ్గరే. ఫోస్టర్ కేర్‌లో మీరు తల్లిదండ్రులు కారు. తల్లిదండ్రులు చేయలేకపోతున్న పనిని సీడబ్ల్యూసీ మీకు అప్పగిస్తుంది. తల్లి వచ్చి చూసుకోవచ్చు, అది బిడ్డకు చేటని కమిటీ కారణం రాసి ఆపితే తప్ప. తల్లి కోలుకుందని కమిటీ అనుకున్న రోజు పాప వెళ్లిపోతుంది. మీ ఇంటికి నెల నెలా తనిఖీ ఉంటుంది.

నిర్గమకాండంలో ఫరో కుమార్తె నీళ్లలో దొరికిన బిడ్డను తనవాడనుకుంది. అయినా పాలిచ్చి పెంచింది కన్నతల్లే, అదీ జీతం పుచ్చుకుని. మోషే ఎవరి బిడ్డో ఆ ఇంట్లో చెరిగిపోలేదు. ఫోస్టర్ కేర్ ఎలా ఉండాలో చెప్పాల్సి వస్తే నాకు ఆ ఏర్పాటే గుర్తొస్తుంది.

మీ దరఖాస్తును పరిశీలించేది డీసీపీయూనే. మీ ఇద్దరి గుర్తింపు, ఆదాయం, వైద్య పత్రాలు, పెళ్లి ధ్రువపత్రం ఇస్తే వాళ్లు ఇంటికొచ్చి విచారణ చేస్తారు. ఎక్కడ పడుకుంటుంది, మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు, బాబుతో గది పంచుకుంటుందా, అన్నీ అడుగుతారు. 2024లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆరేళ్లు దాటిన పిల్లలనే ఫోస్టర్ కేర్‌కు ఇస్తారు. మీ పాప, తమ్ముడు ఇద్దరూ ఆ లెక్కలోకి వస్తారు. తమ్ముడి మాట ఎందుకెత్తానంటే, తోబుట్టువులను ఒకేచోట ఉంచడానికి అన్ని ప్రయత్నాలూ చేయాలని చట్టంలోనే ఉంది. మీరు పాప గురించి అడిగితే "ఇద్దరినీ తీసుకుంటారా?" అనే ప్రశ్న రావచ్చు. వచ్చినప్పుడు భర్త ముఖం చూసుకోకుండా, ముందే మాట్లాడుకుని వెళ్లండి.

తర్వాత దత్తత చేసుకోవచ్చా అన్నారు. రెండేళ్లు ఫోస్టర్ కేర్‌లో ఉన్న బిడ్డను ఆ కుటుంబం దత్తత కోరవచ్చని ఆ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంతకుముందు అది అయిదేళ్లు ఉండేది. అయితే బిడ్డ దత్తతకు చట్టప్రకారం స్వేచ్ఛగా ఉన్నట్టు సీడబ్ల్యూసీ ప్రకటించాలి. వచ్చి చూసుకుంటున్న తల్లి ఉండగా ఆ ప్రకటన రాదు. తల్లి తనంతట తానే వదులుకోవాలంటే కమిటీ ముందు సరెండర్ చేయాలి, తర్వాత ఆలోచించుకోవడానికి ఆమెకు రెండు నెలలు గడువు ఉంటుంది. ఇక్కడ మీ పాస్టరుగారికి కూడా చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఆమె ఈరోజు పాపను సరెండర్ చేసినా పాప మీ ఇంటికి రాదు. దేశమంతటి వరుసలోకి వెళ్తుంది. దేశంలో దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా, దాని వెబ్‌సైటులో ముందు నమోదైనవాళ్లకు చూపిస్తారు. ఫలానా బిడ్డ మాకే కావాలనే ఎంపిక బయటివాళ్లకు లేదు. అంటే మీ ప్రేమతో తల్లిని ఒప్పించి సరెండర్ చేయిస్తే, పాపకు తల్లీ పోతుంది, మీరూ పోతారు, తమ్ముడు కూడా పోవచ్చు.

కాబట్టి ఫోస్టర్ కేర్‌కు వెళ్లే ముందు మీరిద్దరూ ఒకరినొకరు అడగవలసింది ఇదే: రెండేళ్లు అన్నం పెట్టి, జ్వరంలో రాత్రిళ్లు మేల్కొని, ఒకరోజు ఆమె సంచి సర్ది తల్లి చేతిలో పెట్టగలమా? పెట్టి, ఆ తల్లిని మనసులో తప్పుపట్టకుండా ఉండగలమా? అవునంటే ఫోస్టర్ కేర్ మీ పని. లేదంటే అది పాపం కాదు, మీరు తల్లి కావాలనుకుంటున్నారు, దానికి వేరే దారి ఉంది.

ఆ దారి మీ భర్త చెప్పినదే. ఆయన మాటను మీరు విశ్వాసలోపంగా రాశారు. నాకు అలా కనిపించలేదు. దొంగదారి వద్దన్నది ఆ ఇంట్లో ఆయనే. కారా వెబ్‌సైటులో నమోదు చేసుకున్నాక 60 రోజుల్లో హోమ్ స్టడీ, అంటే ఇంటికొచ్చి చేసే విచారణ జరగాలి, అది మూడేళ్లు చెల్లుతుంది. ఖర్చు హోమ్ స్టడీకి 6,000, బిడ్డను ఇచ్చే సంస్థకు 50,000, తర్వాత రెండేళ్ల పాటు ఆర్నెల్లకోసారి వచ్చి చూసినందుకు ప్రతిసారీ 2,000. ఇంతకు మించి విరాళమనీ కానుకనీ ఎవరడిగినా ఇవ్వవద్దు. వయసు లెక్క ఇలా ఉంటుంది. దంపతులిద్దరి వయసులూ కలిపి రెండేళ్ల లోపు బిడ్డకు 85, రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100, ఆపైన 110 దాటకూడదు. మీ ఇద్దరిదీ కలిపితే సరిగ్గా 85. పసిబిడ్డే కావాలంటే మీ చేతిలో వ్యవధి లేదు. ఆరోగ్యమైన పసిబిడ్డ కోసం నిరీక్షణ మూడేళ్ల పైమాటే. పెద్ద పిల్లలకూ, అన్నాచెల్లెళ్ల జంటలకూ, వైకల్యం ఉన్న పిల్లలకూ అంత నిరీక్షణ ఉండదు.

బిడ్డను చూపించాక 48 గంటల్లో రిజర్వు చేసుకోవాలి, 30 రోజుల్లోపు వెళ్లి చూసి ఒప్పుకోవాలి. ఆ తర్వాత దత్తత ఉత్తర్వుకు ముందే బిడ్డను మీ చేతికిస్తారు. ఉత్తర్వు ఇచ్చేది ఇప్పుడు కోర్టు కాదు, జిల్లా కలెక్టరు. 2021 సవరణ 2022 సెప్టెంబరులో అమలుకు వచ్చినప్పటి నుంచి అంతే. అయిదేళ్లు దాటిన సొంత పిల్లలుంటే వాళ్ల సమ్మతి పత్రం కూడా జత చేయాలి. అంటే మీ బాబు "మీ ఇష్టం" అంటే సరిపోదు. వాణ్ని విడిగా కూర్చోబెట్టి, వాడికి నచ్చనివి చెప్పనివ్వండి. గది, సైకిలు, అమ్మ సమయం, ఇవన్నీ వాడివి, పంచుకోవాల్సింది వాడే. ఈ దారిని మాత్రం హోములోని పాపకు బదులుగా ఎంచుకోకండి. వచ్చే బిడ్డను ప్రతిరోజూ ఆ పాపతో పోల్చుకుంటారు.

ఇప్పుడు పేరు, బాప్తిస్మం. ఫోస్టర్ కేర్‌లో ఉన్నంతకాలం రెండింటి మీదా మీకు అధికారం లేదు. మీతోపాటు ఆరాధనకు తీసుకెళ్లడం, భోజనం ముందు ప్రార్థించడం మీ ఇంటి జీవితం, అందులో కలుస్తుంది. రానంటే బలవంతం వద్దు. బాప్తిస్మం వేరు. మీ సంఘం చిన్నపిల్లలకే ఇచ్చేదైనా, ఎదిగి తానుగా ఒప్పుకుంటేనే ఇచ్చేదైనా, కన్నతల్లి ఉండగా ఆమె ఇష్టం లేకుండా మరొకరి బిడ్డకు ఇప్పించే హక్కు మీకు రాదు.

ఇందులో ఇంకో చిక్కుంది, ఎవరూ ముందుగా ఆలోచించరు. పాప కుటుంబం ఎస్సీ అయితే ఆమెకు ఎస్సీ ధ్రువపత్రం వస్తుంది, దాంతో హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు, రేపటి ఉద్యోగం వస్తాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించినవాళ్లకు ఆ హోదా ఉండదు. మన రాష్ట్రాల్లో వాళ్లను బీసీ-సిలో చూస్తారు. బాప్తిస్మం పొందినవాళ్లు ఎస్సీ హోదా అడగలేరని 2024 నవంబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. ఈ న్యాయం సరైనదా కాదా అన్న వాదన మన సంఘాల్లో ఎన్నో ఏళ్లుగా ఉంది. ఆ భారాన్ని మాత్రం తెలిసీ తెలియని ఎనిమిదేళ్ల పిల్ల నెత్తిన, తల్లికి చెప్పకుండా పెట్టకూడదు.

పేరు కూడా అంతే. తండ్రి పోయి, తల్లి దూరమై, తమ్ముడు వేరే ఊళ్లో ఉన్న పిల్లకు తనదంటూ మిగిలింది ఆ పేరొక్కటే. తల్లి పిలిచిన పేరు అది. దానియేలుకు బెల్తెషాజరు అని పేరు పెట్టింది బబులోను. అయినా మనం ఇప్పటికీ దానియేలు అనే పిలుస్తున్నాం. రేపు మీరు ఏ బిడ్డను దత్తత తీసుకున్నా, మాటలొచ్చిన బిడ్డ అయితే ఉన్న పేరు ఉంచండి. గ్రేస్ అన్నది తానే అడిగితే పక్కన చేర్చండి.

సంఘానికి కూడా రెండు మాటలు చెప్పి ఉంచండి. పాపను వేదిక మీదికి పిలిచి సాక్ష్యం చెప్పించవద్దు. ఆరాధన లైవులో, వాట్సాప్ స్టేటస్‌లో ఆమె ముఖం కనిపించకూడదు. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. చట్టం పక్కన పెట్టినా, "అనాథ" అన్న మాట మైకులో విన్న పిల్ల అది మర్చిపోదు. తల్లి బతికే ఉన్న పిల్లకు ఆ మాట అబద్ధం కూడా. అలాగే ఇంట్లో ఎవరూ "మీ నాన్నను దేవుడు తీసుకుని నిన్ను మాకిచ్చాడు" అనకూడదు. ఆదరణ అనుకునే అంటారు. పిల్లకు మాత్రం తన తండ్రిని చంపిన దేవుడు అర్థమవుతాడు.

మీ అత్తగారి సంగతికి వస్తాను. ఆమెను ఒప్పించాలని వాక్యాలు చూపించకండి. మధ్యాహ్నం బడి నుంచి పిల్ల వచ్చేసరికి ఇంట్లో ఉండేది ఆమే కదా. రక్తం అన్న మాట వెనక, ముసలితనంలో ఇంకో పిల్ల పని నా మీద పడుతుందేమోనన్న భయం ఉండొచ్చు. అడిగి చూడండి. ఆ భయానికి జవాబు చెప్పడం సులభం. ఆమె మనసు మారకపోతే మాత్రం, పెద్దపిల్లను తేవడం ఒక ఏడాది ఆపండి. ఇంట్లో ఒక మనిషి రోజూ పరాయిగా చూస్తే మిగతా ముగ్గురి ప్రేమ దాన్ని పూడ్చలేదు.

ఫోస్టర్ కేర్ అయినా దత్తత అయినా, పెద్దపిల్ల ఇంటికొస్తే మొదటి వారాలు పండగలా ఉంటాయి. క్రిస్మస్ మూడు రోజులు మీరు చూసింది ఆ పండగే. తర్వాత మొదలవుతుంది. దిండు కింద బిస్కెట్లు దాస్తుంది, రేపు ఉండవేమోనని. తిట్టకుండా, ఎప్పుడైనా తీసుకోవచ్చని చెప్పి ఆమెకే ఒక డబ్బా ఇవ్వండి. రాత్రి పక్క తడుపుతుంది. పాలిథిన్ షీటు వేసి, పొద్దున్నే మాట లేకుండా దుప్పటి మార్చేయండి, బాబు ముందు ప్రస్తావన రానీయకండి. అబద్ధాలాడుతుంది, వస్తువులు విరగ్గొడుతుంది. నన్నూ పంపించేస్తారా అని పరీక్షిస్తుందన్నమాట. తల్లి వచ్చి వెళ్లిన రోజు మీ మీద అరుస్తుంది. తల్లిని ప్రేమిస్తే మీకు ద్రోహం, మిమ్మల్ని ప్రేమిస్తే తల్లికి ద్రోహం అన్న నలుగుడు అది. "అమ్మా" అని పిలవమని అడగవద్దు. తల్లి ఫొటో ఒకటి ఫ్రేము కట్టించి ఆమె మంచం దగ్గర పెట్టండి. సామెతల గ్రంథంలో బెత్తం ఉందని ఎవరైనా గుర్తుచేస్తే, దెబ్బలు తిని వచ్చిన పిల్లకు చెయ్యెత్తిన ప్రతి మనిషీ ఒకటేనని చెప్పండి. చెయ్యెత్తవద్దు, ఎప్పుడూ.

భయం అవిశ్వాసమా అని అడిగారు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది యేసే, లూకా 14లో. మీ భయంలో సగం ఆ లెక్కే. మిగతా సగం, తల్లి గురించి ఆలోచిస్తే పాప చేజారిపోతుందన్న భయం అనుకుంటాను. ఆ ఒక్క వాక్యంతో ఆమెను దాటేయడానికి కారణం అదే కావచ్చు.

ఈ వారం మీరూ, మీ భర్తా కలిసి డీసీపీయూ కార్యాలయానికి వెళ్లండి. జిల్లా బాలల రక్షణాధికారిని కలిసి మూడు విషయాలు అడగండి: ఆ తల్లికి స్పాన్సర్‌షిప్ గురించి ఎవరైనా చెప్పారా, తమ్ముణ్ణి అక్క దగ్గరికి చేర్చే అవకాశం ఉందా, కుటుంబం నిలదొక్కుకునే దాకా తాత్కాలికంగా పిల్లల్ని చూడడానికి మాలాంటివాళ్లు దరఖాస్తు చేయవచ్చా. ఏ జవాబు వచ్చినా దాన్ని పట్టుకుని ఇంటికొచ్చి, ఇద్దరూ మాట్లాడుకుని, ఆ తర్వాత పాస్టరుగారితో మాట్లాడండి.

ఆదివారం పాప మళ్లీ అడుగుతుంది, నన్నెప్పుడు తీసుకెళ్తారని. "త్వరలో" అనకండి, "దేవుడు చూస్తాడు" అని కూడా అనకండి. "అది మీ అమ్మ, కమిటీ పెద్దవాళ్లు కలిసి చెప్పాలి, నేనొక్కదాన్నే చెప్పలేను. కానీ వచ్చే ఆదివారం వస్తాను, జడలు వేస్తాను" అనండి. ఆ ఆదివారం వాన పడినా, ఇంట్లో చుట్టాలున్నా, వెళ్లండి.